శివారుకు చేరిన నీళ్లు

రోహిణి కార్తె వచ్చిందంటే మా మావయ్య రేడియోకు జలుబు చేసేది. ఊరు గూడూరు. నెల్లూరు పక్కనున్న గూడూరు కాదు. బెజవాడ నుంచి వచ్చే రోడ్డు మీద, బందరుకు కాస్త ముందు తగిలే గూడూరు. పొద్దున విజయవాడ కేంద్రం వార్తలు నిక్షేపంగా వినిపించిన పెట్టె, మధ్యాహ్నం రెండయ్యేసరికి ముక్కుతో మాట్లాడేది. పాట తారస్థాయి అందుకోగానే గొంతు చీలిపోయేది. సాయంత్రం సముద్రం మీంచి గాలి తిరిగాక మళ్లీ మామూలు మనిషయ్యేది. మావయ్య సెల్లులు మార్చి చూశాడు. స్పీకరు మార్పించాడు. చివరికి ఎండ వేళల్లో దాన్ని వంటింటి గచ్చు మీద, నీళ్ల కుండ పక్కన పెట్టడం మొదలెట్టాడు. చిత్రం, గొంతు కొంత కుదుటపడింది. "దానికీ వడదెబ్బేరా, మనలాగే" అనేవాడు.

మేం పిల్లలం పడీపడీ నవ్వేవాళ్లం. ఎలక్ట్రానిక్స్ చదువుకున్నాక తెలిసింది, ఆయన రోగం సరిగ్గానే పట్టుకున్నాడని. ఆ పెట్టెలో ఉన్నవి జెర్మేనియం ట్రాన్సిస్టర్లు. వాటికి నిజంగానే ఎండ పడదు. ఎందుకు పడదో చెప్పాలంటే ట్రాన్సిస్టర్‌లో పారే మూడు కరెంట్ల మధ్య ఉన్న ఒక చిన్న లెక్క చెప్పాలి. ఆ లెక్కను కాలేజీలో బల్ల మీద కూర్చుని ఒకసారి, గూడూరులో కాలువ గట్టు మీద కూర్చుని ఇంకోసారి నేర్చుకున్నాను. రెండోసారే ఒంటబట్టింది.

పైన వదిలింది, దారిలో ఇంకింది

ట్రాన్సిస్టర్‌కు మూడు కాళ్లు: ఎమిటర్, బేస్, కలెక్టర్. తెలుగు అకాడమీ పుస్తకాల్లో ఉద్గారకం, ఆధారం, సేకరిణి అని ఉంటాయి గానీ రేడియో షాపుకెళ్లి ఎవరూ అలా అడగరు. (బందరు జిల్లా కేంద్రం కాబట్టి అక్కడ కలెక్టర్ అనగానే గుర్తొచ్చేది వేరే మనిషి. ఇద్దరి పనీ వసూలే.)

బెజవాడ దగ్గర కృష్ణకు అడ్డంగా 1855 నాటికి ఆనకట్ట లేచింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడ వదిలిన నీళ్లు బందరు కాలువ పట్టుకుని దిగువకొస్తాయి. దారిలో ఎండకు ఆవిరయ్యేవి కొన్ని, గట్లలోకి ఇంకేవి కొన్ని, ఎగువ రైతులు ఇంజన్లు పెట్టి తోడుకునేవి కొన్ని. మిగిలినవి శివారుకు. శివారు రైతుకు ఈ కూడికలు, తీసివేతలు ఎవరూ నేర్పక్కర్లేదు. పైన వదిలిందెంత, దారిలో పోయిందెంత, తన చేలోకి వచ్చిందెంత అనే మూడింట్లో రెండు తెలిస్తే మూడోది తెలిసినట్టే.

ట్రాన్సిస్టర్ లెక్కా ఇంతకుమించి లేదు. ఎమిటర్ కరెంటు అంటే బేస్ కరెంటు, కలెక్టర్ కరెంటు కలిపిన మొత్తం. ఎమిటర్ దగ్గర తలుపులెత్తితే బయల్దేరిన ఎలక్ట్రాన్లలో కొన్ని బేస్‌లో ఆగిపోతాయి, తక్కినవి కలెక్టర్‌కు చేరతాయి. కరెంటు ఎక్కడా పుట్టదు, ఎక్కడా మాయం కాదు. ఈ మాటను సూత్రంగా చెప్పినవాడు గుస్తావ్ కిర్కాఫ్. 1845లో, అంటే మన ఆనకట్టకు పదేళ్ల ముందు, ఇరవై ఒక్కేళ్ల కుర్రాడిగా ఉన్నప్పుడు చెప్పాడు. అప్పటికి ట్రాన్సిస్టర్ కాదు కదా, ఎలక్ట్రాన్ అనే మాటే లేదు.

కాలువకూ ట్రాన్సిస్టర్‌కూ తేడా ఇంకుడులో ఉంది. మంచి ట్రాన్సిస్టర్‌లో ఎమిటర్ నుంచి బయల్దేరిన ప్రతి నూటికీ తొంభై తొమ్మిది కలెక్టర్‌కు చేరతాయి. ఒక్కటి మాత్రమే దారిలో పోతుంది. ఏ ఇరిగేషన్ ఇంజినీరూ కలలో కూడా చూడని కాలువ ఇది. ట్రాన్సిస్టర్ గొప్పదనం ఆ తొంభై తొమ్మిదిలో ఉందనుకుంటాం. కాదు, ఆ పోయిన ఒక్కటిలో ఉంది. కాసేపట్లో అక్కడికే వస్తాం.

ఒక చిక్కు మాత్రం ముందే విప్పుకోవాలి. ఎలక్ట్రాన్లు ఒక దిక్కుకు నడిస్తే ఇంజినీర్లు కరెంటు బాణాన్ని ఎదురు దిక్కుకు గీస్తారు. ఎలక్ట్రాన్ సంగతి తెలియకముందు పడిన అలవాటది. పైగా మావయ్య రేడియోలాంటి జెర్మేనియం సెట్లలో ఎక్కువ భాగం పీఎన్‌పీ రకం. వాటిలో ప్రయాణికులు ఎలక్ట్రాన్లు కావు, రంధ్రాలు; అవేమిటో కాసేపట్లో చెబుతాను. దిక్కులు తారుమారైనా కూడిక మారదు కనుక ఇక్కడ ఎన్‌పీఎన్ రకంతోనే నడుస్తాను.

సంధి జరిగిన చోట లోపం

గూడూరు పక్కనే పెడన. అక్కడ కలంకారీ అద్దకం చూసినవాళ్లకు ట్రాన్సిస్టర్‌ను చేసే అర్ధవాహకం సంగతి సగం తెలిసినట్టే. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరేసిన గుడ్డ మీద పటిక కలిపిన అచ్చు వేస్తారు. పటికకు సొంత రంగు లేదు. తర్వాత రంగు కాగులో ఉడికిస్తే పటిక పడిన చోటల్లా ఎరుపు తేలుతుంది. బెల్లం నీళ్లలో తుప్పు ఇనుము నానబెట్టి తీసిన ద్రావణంతో అచ్చు వేస్తే ఆ చోటు నల్లబడుతుంది. గుడ్డ ఒకటే, ముందు ఎక్కడ ఏది అద్దామన్నదే దాని రాతను నిర్ణయిస్తుంది.

సిలికాన్ అలాంటి గుడ్డ. శుద్ధమైన సిలికాన్‌లో ప్రతి అణువూ తన నాలుగు బయటి ఎలక్ట్రాన్లతో చుట్టూ ఉన్న నలుగురి చేతులూ పట్టుకుని ఉంటుంది. తిరిగే తీరిక ఎవరికీ లేదు. మామూలు గది వేడికి ఐదు లక్షల కోట్ల అణువులకు ఒక్క ఎలక్ట్రాన్ చొప్పున చెయ్యి వదిలించుకుని బయటపడుతుంది. అందులోకి కొంచెం ఫాస్ఫరస్ అద్దితే కథ మారుతుంది. ఫాస్ఫరస్‌కు బయటి ఎలక్ట్రాన్లు ఐదు. నాలుగు చేతులు కలిపాక ఐదోది ఊరికే తిరుగుతుంది. 50 లక్షల సిలికాన్ అణువుల్లో ఒక్క ఫాస్ఫరస్ అణువు చేరితే చాలు, తిరిగే ఎలక్ట్రాన్లు సుమారు 10 లక్షల రెట్లు పెరుగుతాయి. ఇది ఎన్ రకం. ఫాస్ఫరస్ బదులు మూడు ఎలక్ట్రాన్లే ఉన్న బోరాన్ అద్దితే ఒక చెయ్యి ఖాళీగా మిగులుతుంది. ఆ ఖాళీనే రంధ్రం అంటాం. పక్క ఎలక్ట్రాన్ వచ్చి ఆ ఖాళీలో కూర్చుంటే దాని చోటు ఖాళీ అవుతుంది; బస్సులో వరసగా ముందుకు జరిగి కూర్చుంటూ పోతే ఖాళీ సీటు వెనక్కి నడిచినట్టు. ఇది పీ రకం.

పీ, ఎన్ రెండూ ఒకే స్ఫటికంలో ఆనుకుని ఉన్న చోటును సంధి అంటాం. ఈ పారిభాషిక పదం పెట్టినవాళ్లకు వ్యాకరణం బాగా వచ్చి ఉండాలి. రాముడు, అతడు కలిసి రాముడతడు అయినప్పుడు మధ్యలో ఉకారం లోపిస్తుంది కదా. ఇక్కడా సంధి జరిగిన చోట లోపమే జరుగుతుంది. ఎన్ వైపు కిక్కిరిసిన ఎలక్ట్రాన్లు అటూ, పీ వైపు కిక్కిరిసిన రంధ్రాలు ఇటూ దాటి, ఒకదాన్నొకటి పూరించుకుని, రెండూ లెక్కలోంచి పోతాయి. సంధికి అటూ ఇటూ కదిలేవాళ్లు లేని పలచటి ప్రాంతం మిగులుతుంది. దాని పేరు కూడా బాగుంటుంది: లేమి పొర.

మరి అందరూ దాటేసి స్ఫటికం మొత్తం లేమి అయిపోదా? అవదు. ఎలక్ట్రాన్ వదిలి వెళ్లిన ఫాస్ఫరస్ అణువు కదల్లేదు. ధన విద్యుత్తుతో అక్కడే పాతుకుని ఉంటుంది. అటుపక్క ఎలక్ట్రాన్ చేరిన బోరాన్ అణువు రుణ విద్యుత్తుతో నిలబడుతుంది. ఈ రెండు వరసల మధ్య పుట్టిన విద్యుత్ క్షేత్రం, దాటబోయే తర్వాతి ఎలక్ట్రాన్‌ను వెనక్కి నెడుతుంది. నెట్టే బలమూ, దాటాలనే ఒత్తిడీ సరిసమానమైన చోట రాకపోకలు సర్దుకుంటాయి. ఆ గట్టు ఎత్తు సిలికాన్‌లో సుమారు 0.7 వోల్టులు, జెర్మేనియంలో ఇంచుమించు 0.3.

బయటి నుంచి బ్యాటరీ పెట్టి ఆ గట్టును కాస్త దించితే ఎలక్ట్రాన్లు పొర్లుకొస్తాయి. ఎత్తు పెంచితే ఆగిపోతాయి. ఒకే సంధి ఉన్న డయోడ్ కథ అంతే. కాకపోతే గట్టు దిగే కొద్దీ నీరు పెరిగే తీరు మన కాలువల్లాంటిది కాదు. గది వేడిలో గట్టును 60 మిల్లీవోల్టులు దించితే కరెంటు పదింతలవుతుంది. ఇంకో 60 దించితే నూరింతలు. సెల్లు ఇచ్చే ఒకటిన్నర వోల్టులో 60 మిల్లీవోల్టులంటే పాతికో వంతు. ఈ నిటారు తీరు గుర్తుంచుకోండి; రేడియో అంతా దీని మీదే నడుస్తుంది.

ఈ సంధి చేతికి చిక్కిన తీరులో కొంత అదృష్టం కూడా ఉంది. సంధి సంగతి ఎవరికీ తెలియకముందే జగదీశ్ చంద్ర బోస్ గెలీనా స్ఫటికంతో రేడియో తరంగాలను పట్టే పరికరానికి 1904లో అమెరికా పేటెంటు పొందాడు. 1940లో బెల్ లేబొరేటరీలో రస్సెల్ ఓల్ పరీక్షిస్తున్న ఒక సిలికాన్ కడ్డీ నిలువునా బీటలు వారింది. దాని మీద దీపం కాంతి పడితే వోల్టేజి పుట్టడం చూసి అందరూ నివ్వెరపోయారు. ఆ బీటకు ఒకవైపు పీ, ఇంకోవైపు ఎన్. ఆ లేబొరేటరీలోనే 1947 డిసెంబరు 16న జాన్ బార్డీన్, వాల్టర్ బ్రాటెయిన్ ఒక ప్లాస్టిక్ ముక్క అంచున బంగారు రేకు అతికించి, బ్లేడుతో రేకును చీల్చి, ఆ రెండు అంచులను జెర్మేనియం మీద అదిమి తొలి ట్రాన్సిస్టర్ చేశారు. మరుసటి నెలలోనే విలియం షాక్లీ రేకులూ సూదులూ లేకుండా రెండు సంధులతోనే పనిచేసే నమూనాను కాగితం మీద పెట్టాడు. ముగ్గురికీ 1956లో నోబెల్ వచ్చింది. ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైంది 1948 డిసెంబరు 1న. ట్రాన్సిస్టర్‌కు అప్పటికి ఏడాది కూడా నిండలేదు. కృష్ణా జిల్లా ఆ కేంద్రాన్ని మొదట విన్నది వాల్వు సెట్లలోనే.

రెండు డయోడ్లు అతికిస్తే ఎందుకు రాదు

ఎన్, పీ, ఎన్ అని మూడు పొరలు. అంటే వీపు వీపు ఆనించిన రెండు డయోడ్లు. కొత్తగా నేర్చుకునే ప్రతి కుర్రాడూ రెండు డయోడ్లు కొని, తోకలు అతికించి, ట్రాన్సిస్టర్ వచ్చిందనుకుంటాడు. నేనూ అతికించాను. పని చెయ్యలేదు.

కిటుకు మధ్య పొర మందంలో ఉంది. ఎమిటర్, బేస్‌ల మధ్య గట్టును దించుతాం. ఎలక్ట్రాన్లు బేస్‌లోకి పొర్లుకొస్తాయి. బేస్, కలెక్టర్‌ల మధ్య గట్టును మాత్రం ఎత్తే ఉంచుతాం. అయితే బేస్‌లోకి వచ్చిన ఎలక్ట్రాన్‌కు అది గట్టు కాదు, వాలు. దాని అంచు తాకిందంటే కలెక్టర్‌లోకి జారిపోవాల్సిందే. కాబట్టి పందెం ఇదీ: బేస్‌లో తిరుగాడే రంధ్రం ఏదో ఎదురై ఎలక్ట్రాన్‌ను మింగేలోగా అది అవతలి అంచుకు చేరాలి. బేస్ మందంగా ఉంటే మింగుడు పడుతుంది. పలచగా ఉంటే గట్టెక్కుతుంది. విడివిడి డయోడ్లను తీగతో అతికిస్తే మధ్యలో ఉన్నది పీ పొర కాదు, లోహం. అక్కడికి చేరిన ఎలక్ట్రాన్ ఇక నేరుగా బయటి తీగలోకే.

మామూలు సిలికాన్ ట్రాన్సిస్టర్‌లో బేస్ మందం ఒక మైక్రాన్ అటూ ఇటూగా ఉంటుంది. తల వెంట్రుకను నిలువునా డెబ్బై పొరలు చీరితే ఒక పొర అంత. బందరు వాళ్లకు మైక్రాన్ల లెక్క కొత్త కాదు. చిలకలపూడి నగల మీద బంగారం పూత మన్నిక అంతా ఆ లెక్కలోనే ఉంది. అక్కడ పూత పలచనైతే కొన్నవాళ్లు తిడతారు. ఇక్కడ పలచనైన కొద్దీ ధర పెరుగుతుంది.

బేస్ కరెంటు అంతా ఇలా మింగుడు పడిన ఎలక్ట్రాన్ల వల్లే అని చెప్పి ముగించడం నాకూ సులువే, చాలా పుస్తకాలు చేసేదీ అదే. నిజానికి ఇప్పటి సిలికాన్ ట్రాన్సిస్టర్లలో బేస్ కరెంటులో పెద్ద వాటా ఇంకొకటి. గట్టు దిగినప్పుడు ఎలక్ట్రాన్లు ఇటు వచ్చినట్టే, బేస్‌లోని రంధ్రాలు అటు ఎమిటర్‌లోకి ఎదురెక్కుతాయి. దాన్ని తగ్గించడానికే ఎమిటర్‌లో ఫాస్ఫరస్ దట్టంగా, బేస్‌లో బోరాన్ పలచగా అద్దుతారు. ఇంకుడైనా ఎదురెక్కుడైనా శివారు రైతు దృష్టిలో రెండూ నష్టం పద్దే.

నష్టంలోంచి పుట్టే గుణకం

ఇప్పుడు ఆ పోయిన ఒక్కటి దగ్గరికి వద్దాం.

కలెక్టర్‌కు చేరిన భాగాన్ని ఆల్ఫా అంటారు. నూటికి 99 చేరితే ఆల్ఫా 0.99. కలెక్టర్ కరెంటు బేస్ కరెంటుకు ఎన్ని రెట్లో చెప్పేది బీటా. 99 అక్కడ, 1 ఇక్కడ; బీటా 99. నూటికి 98 చేరే ట్రాన్సిస్టర్ తీసుకోండి. పోయినవి రెండు, 98ని 2తో భాగిస్తే 49. రాక ఒక్క శాతమే తగ్గింది, బీటా సగమైంది. వెయ్యికి 995 చేరితే 995ని 5తో భాగించాలి, బీటా 199. చేరిన నీళ్లు చూస్తే మూడు ట్రాన్సిస్టర్లూ ఒకలాగే ఉన్నాయి. ఇంకిన నీళ్లు చూస్తే ఒకదానికొకటి పోలికే లేదు. బీటా అనేది నష్టం ఎంత చిన్నదో చెప్పే అంకె. చిన్న అంకెతో భాగించినప్పుడు అది కాస్త కదిలినా జవాబు ఎగిరి గంతేస్తుంది.

అందుకే బీటాను నమ్మి ఎవరూ కాపురం చెయ్యలేరు. ఇప్పుడు ఏ దుకాణంలోనైనా కొన్ని రూపాయలకు దొరికే బీసీ 548 ట్రాన్సిస్టర్‌కు బీటా 110 నుంచి 800 దాకా ఎంతైనా ఉండొచ్చని తయారీదారులే రాసిపెడతారు. ఏ, బీ, సీ అని తరగతులు చేసి అమ్మినా ఒక్కో తరగతిలోనే రెట్టింపు తేడా. పైగా వేడెక్కితే పెరుగుతుంది.

తరగతి గదిలో చెప్పే లాకు తలుపు పోలిక మీద నాకు ఎప్పుడూ అనుమానమే. లాకు మనిషి చక్రం తిప్పుతాడు, తలుపు లేస్తుంది, కాలువ నిండుగా పారుతుంది. అలాగే చిన్న బేస్ కరెంటు పెద్ద కలెక్టర్ కరెంటును ఆడిస్తుంది అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ బేస్ కరెంటు చక్రం కాదు. తలుపు దగ్గర కారిన నీరు. చక్రం ఎమిటర్‌కూ బేస్‌కూ మధ్య ఉన్న వోల్టేజి. గట్టు ఎత్తును మార్చేది అదే. 1954లో ఎబర్స్, మోల్ రాసిన సమీకరణాలు కలెక్టర్ కరెంటును ఆ వోల్టేజితోనే లెక్కగడతాయి. గట్టు దిగితే పారకమూ పెరుగుతుంది, కారకమూ దానికి తగ్గట్టే పెరుగుతుంది. రెండింటి నిష్పత్తి ఇంచుమించు నిలకడగా ఉంటుంది కాబట్టి కారకం చూసి పారకం అంచనా కట్టొచ్చు. బీటాకు ఉన్న హోదా అంతే. పరీక్షలో మాత్రం బేస్ కరెంటే నియంత్రిస్తుందని రాయండి, మార్కులు పడతాయి.

నాలుగు సెల్లులు, నాలుగు రెసిస్టర్లు

కాగితం మీద ఒక చిన్న యాంప్లిఫయర్ కడదాం. నాలుగు టార్చి సెల్లులు, 6 వోల్టులు. కలెక్టర్‌కు పైన 2.2 కిలోఓముల రెసిస్టర్. ట్రాన్సిస్టర్‌లో సుమారు ఒక మిల్లీ ఆంపియరు పారితే ఈ రెసిస్టర్ మీద 2.2 వోల్టులు పడి, కలెక్టర్ 3.8 దగ్గర నిలుస్తుంది. పైకీ కిందికీ ఊగడానికి చోటుంది. ఈ మధ్యస్థ స్థితి కుదరడమే సగం పని.

తేలిక దారి ఒకటుంది. బేస్‌కు 6 వోల్టుల నుంచి ఒక పెద్ద రెసిస్టర్, సుమారు 535 కిలోఓములు, పెట్టి 10 మైక్రో ఆంపియర్లు పంపడం. బీటా 110 ఉన్న ట్రాన్సిస్టర్ పడితే 1.1 మిల్లీ ఆంపియర్లు, బాగుంది. అదే పేరుతో కొన్న ఇంకోదానికి బీటా 450 ఉందనుకోండి. అది 4.5 అడుగుతుంది. కానీ 6 వోల్టులూ 2.2 కిలోఓముల మీదే పడినా 2.7కు మించి రాదు. కలెక్టర్ అడుగు తాకి కూర్చుంటుంది. పాట బదులు గురక.

రెండో దారిలో బీటాను అడగనే అడగం. బేస్‌ను 33, 10 కిలోఓముల రెండు రెసిస్టర్ల మధ్య నిలబెట్టి సుమారు 1.4 వోల్టుల దగ్గర కట్టేస్తాం. ఎమిటర్ కింద 680 ఓములు పెడతాం. బేస్ నుంచి ఎమిటర్‌కు దిగేటప్పుడు 0.65 పోతుంది, మిగిలిన సుమారు ముప్పాతిక వోల్టు 680 ఓముల మీద పడాలి. అంటే ఒక మిల్లీ ఆంపియరు. కరెంటు పెరగబోతే ఎమిటర్ వోల్టేజి పెరిగి, గట్టు దానంతటదే లేచి, పారకాన్ని తగ్గిస్తుంది. బీటా 110 అయితే ఎమిటర్ కరెంటు 0.99 మిల్లీ ఆంపియర్లు. 800 అయితే 1.08. బీటా ఏడు రెట్లు మారింది. కరెంటు తొమ్మిది శాతం కదిలింది.

ఎమిటర్ రెసిస్టర్‌కు పక్కగా ఒక కెపాసిటర్ పెడితే, నిలకడ కరెంటుకు ఆ కట్టడి ఉంటుంది, పాటకు ఉండదు. ఒక మిల్లీ ఆంపియరు పారేటప్పుడు బేస్ వోల్టేజి ఒక్క మిల్లీవోల్టు కదిలితే కలెక్టర్ కరెంటు నాలుగు శాతం దాకా కదులుతుంది. ఆ కదలిక 2.2 కిలోఓముల మీద సుమారు 85 మిల్లీవోల్టులవుతుంది. పెంపు 85 రెట్లు. ఈ లెక్కలో ఎక్కడా బీటా రాలేదని గమనించే ఉంటారు.

వడదెబ్బ

మావయ్య రేడియో దగ్గరికి వెళ్దాం. ఎత్తి ఉంచిన కలెక్టర్ గట్టు మీదుగా కూడా కొంచెం లీకు ఉంటుందని ఇంతసేపూ దాచాను. వేడికి చేతులు విడిపోయి కొత్తగా పుట్టే ఎలక్ట్రాన్లు, రంధ్రాలు ఆ వాలు మీద జారిపోతుంటాయి. సిలికాన్‌లో ఇది లెక్కలోకి రాదు. జెర్మేనియంలో బంధాలు సులువుగా విడిపోతాయి కాబట్టి లీకు వేల రెట్లు ఎక్కువ. ప్రతి 10 డిగ్రీలకూ ఇంచుమించు రెట్టింపవుతుంది.

25 డిగ్రీల దగ్గర లీకు 5 మైక్రో ఆంపియర్లనుకుందాం. పెట్టె లోపల 45 డిగ్రీలకు చేరితే 20. పోనీ, వెయ్యిలో ఇరవై వంతులేగా అనిపిస్తుంది. కానీ ఈ లీకు వచ్చి చేరేది బేస్‌లోకి. సముద్రం పోటు మీదున్నప్పుడు మురుగు కాలువలోకి ఉప్పునీరు వెనక్కెక్కినట్టు, శివారు నుంచి దారిలోకి ఎదురొచ్చింది. అది మనం పంపిన కరెంటో, ఎండ పంపిన కరెంటో ట్రాన్సిస్టర్‌కు తెలియదు. బయటికి పోయే దారి లేకపోతే బీటాకు ఒకటి కలిపిన అన్ని రెట్లు చేసి కలెక్టర్‌లో చూపిస్తుంది. బీటా 60 అయితే 5 మైక్రో ఆంపియర్లు 0.3 మిల్లీ ఆంపియర్లవుతాయి. 20 అయితే 1.2. మనం కుదిర్చిన ఒక్క మిల్లీ ఆంపియరు కన్నా ఎండ కుదిర్చింది ఎక్కువ. కలెక్టర్ అడుగుకు జారుతుంది, పాట తారస్థాయిలో ఊగబోతే చోటు చాలదు, గొంతు చీలుతుంది. స్పీకరును ఆడించే పెద్ద ట్రాన్సిస్టర్లలో ఇంకా ఘోరం: కరెంటు పెరిగితే వేడి, వేడికి లీకు, లీకుకు కరెంటు. రెక్కల అల్యూమినియం రేకులు తొడిగేది అందుకే. మావయ్య నీళ్ల కుండ కూడా అలాంటి రేకే.

ఈ వడదెబ్బను నిండు సభలో చూపించినవాడు గోర్డన్ టీల్. 1954 మే 10న అమెరికాలోని డేటన్‌లో, సిలికాన్‌తో ట్రాన్సిస్టర్ ఇప్పట్లో కాదని ఒకరి తర్వాత ఒకరు ప్రసంగించిన సభ అది. టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ తరఫున వచ్చిన టీల్ ఒక గ్రామఫోను పెట్టి, దాని యాంప్లిఫయర్‌లోని జెర్మేనియం ట్రాన్సిస్టర్‌ను కాగుతున్న నూనెలో ముంచాడు. పాట ఆగిపోయింది. సిలికాన్‌ది తగిలించి ముంచాడు. పాట సాగింది.

మన దగ్గర బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ 1962లో జెర్మేనియం పరికరాలు, 1967లో సిలికాన్‌వి చెయ్యడం మొదలెట్టింది. బందరుకూ ఆ సంస్థతో తర్వాత చుట్టరికం కలిసింది. 1926 నాటి ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ చితికిపోతే 1983లో దాన్ని భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. అక్కడ తయారయ్యేవాటిలో రాత్రి చీకట్లో చూపు నిలిపే పరికరాలున్నాయి. అదీ పెంపే, కాకపోతే వెలుతురుకు. ఆ కథలో బేస్, కలెక్టర్‌లు రారు.

మావయ్య పెట్టె ఇప్పుడు నా దగ్గరే ఉంది. కింది బోర్డు పోతే, పైన చెప్పిన నాలుగు రెసిస్టర్లతో, ఒక బీసీ 548తో యాంప్లిఫయర్ మెట్టు మళ్లీ కట్టాను. ట్రాన్సిస్టర్ ఏ తరగతిదో చూడలేదు. సూది మీటరు తీసి ఎమిటర్ కింది 680 ఓముల మీద ఆనిస్తే 0.7 వోల్టుల దగ్గర ఆగింది. అంటే ఒక మిల్లీ ఆంపియరు, ఆ పైన చిటికెడు. ఆ చిటికెడులో బేస్ వాటా ఎంతో చూద్దామని బేస్ తీగ తెంచి మీటరును మధ్యలో పెట్టాను. సూది కదిలినట్టే లేదు. పాట మాత్రం వస్తూనే ఉంది.